చలానా చదవండి, రసీదు అడగండి

తెల్లవారుజాము ఐదు గంటలు. మిర్చి కోతల కాలం. రొంపిచెర్ల సెంటర్లో ఆటోలు నిలబడి ఉన్నాయి. ఆడవాళ్ళు అన్నం క్యారియర్లు పట్టుకొని ఎక్కుతున్నారు. ఆటో కదిలితేనే కూలి. ఆటో కదిలితేనే ఆటో ఉన్న ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

ఇలాంటి ఒక ఇంటి సంగతి అనుకుందాం. ఆటో భార్య పేరున ఉంది. పొదుపు సంఘంలో అప్పు తీసి కొన్నది. భర్త నడుపుతాడు.

ఒకరోజు సాయంత్రం భర్త నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక కాగితం ఉంది.

"ఆటో ఏదయ్యా?" అంది భార్య.

"స్టేషన్లో పెట్టారు. స్పీడుగా వస్తున్నానని చలానా రాశారు. లైసెన్సు, సీ బుక్కు ఇంట్లో మర్చిపోయా. అందుకని బండి అక్కడే ఉంచమన్నారు."

"ఎంత స్పీడంట?"

"ఏమో! స్పీడన్నారు, అంతే."

అత్త కల్పించుకుంది. "ఇంకా ఏం అడుగుతావమ్మాయ్? పొద్దున్నే వెయ్యి కట్టి తెచ్చుకోండి. వాళ్ళతో మనకెందుకు తగువు?"

కోడలు ఆ కాగితం తీసుకుంది. లైటు కింద కూర్చుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కొని చదివింది. బండి నంబరు ఉంది. తేదీ ఉంది. జరిమానా ఉంది. ఎంత వేగమో మాత్రం ఎక్కడా లేదు.

"అత్తా, ఇందులో వేగం ఎంతో రాయలేదు. కొలవకుండా ఎట్టా తెలిసింది వాళ్ళకి?"

ఇది మనం కల్పించుకున్న సంగతే. కానీ ఏ ఇంట్లోనైనా జరగవచ్చు. కోడలు అడిగింది మంచి ప్రశ్న. దానికి చట్టంలో జవాబు ఉంది. అదేమిటో తెలుసుకుందాం.

వేగానికి హద్దు ఎందుకు?

ముందు ఒక మాట. వేగానికి హద్దు పెట్టింది మన మేలు కోసమే. 2025 ఫిబ్రవరిలో మన పల్నాడు జిల్లాలో ఒక ఘోరం జరిగింది. ముప్పాళ్ళ మండలం బొల్లవరం దగ్గర మిర్చి కూలీల ట్రాక్టరు బోల్తా పడింది. నలుగురు ఆడవాళ్ళు చనిపోయారు. పొద్దున పనికి పోయినవాళ్ళు సాయంత్రం ఇంటికి రాలేదు.

బండి ఎక్కేది మనమే. రోడ్డు పక్కన నడిచేది మన పిల్లలే. కాబట్టి వేగానికి హద్దు ఉండాల్సిందే. హద్దు దాటినవాళ్ళు జరిమానా కట్టాల్సిందే. ఇందులో రెండో మాట లేదు.

2018లో కేంద్ర ప్రభుత్వం కొత్త హద్దులు ప్రకటించింది. మూడు చక్రాల ఆటోకు గంటకు 50 కిలోమీటర్లు. మోటారు సైకిలుకు మామూలు రోడ్ల మీద 60 కిలోమీటర్లు. కారుకు 70 కిలోమీటర్లు. ఇవి పై హద్దులు. బడి దగ్గర, ఊరి మధ్య, మలుపుల దగ్గర ఇంకా తగ్గించవచ్చు. అలా తగ్గించిన చోట బోర్డు పెట్టాలి.

కొలవాలి, ఊహిస్తే చాలదు

వేగం తగువు ఇప్పటిది కాదు. 1896లో ఇంగ్లండులో వాల్టర్ ఆర్నాల్డ్ అనే ఆయన కారు నడిపాడు. అక్కడి హద్దు గంటకు రెండు మైళ్ళు. అంటే మనిషి నడక కంటే తక్కువ. ఆయన ఎనిమిది మైళ్ళ వేగంతో పోయాడన్నారు. పోలీసు సైకిలెక్కి వెంటపడి పట్టుకున్నాడు. ఒక షిల్లింగు జరిమానా వేశారు. వేగానికి లోకంలో మొదట శిక్ష పడింది ఈయనకేనని చెబుతారు.

అప్పుడు సైకిలెక్కి చూసి చెప్పారు. ఇప్పుడు మన దేశంలో అలా కుదరదు. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. అందులో 183వ సెక్షను వేగం గురించి చెబుతుంది. ఈ సెక్షనులో మనకు పనికొచ్చే మాట ఒకటి ఉంది.

"నా కంటికి స్పీడుగా కనిపించింది" అని ఒక్క సాక్షి చెబితే చాలదు. ఆ ఒక్క మాట మీదే కోర్టు శిక్ష వేయకూడదు. యంత్రంతో కొలిచి చెప్పి ఉండాలి.

బియ్యం కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? చేత్తో ఎత్తి "పది కిలోలుంటాయి" అంటే ఒప్పుకుంటామా? కాటా మీద పెట్టమంటాం. వేగం కూడా అంతే. దాని కాటా స్పీడు గన్ను, కెమెరా.

2019లో ఈ చట్టాన్ని మార్చారు. జరిమానాలు పెంచారు. 183వ సెక్షను ప్రకారం తేలిక వాహనానికి 1000 నుంచి 2000 రూపాయలు. పెద్ద లారీకి, బస్సుకు 2000 నుంచి 4000 రూపాయలు. రెండోసారి పట్టుబడితే లైసెన్సు కూడా తీసుకుంటారు. జరిమానా పెరిగింది కాబట్టి, కాగితం చదవడం ఇంకా అవసరం.

చలానాలో ఏం చూడాలి?

చలానా చేతికి రాగానే కట్టేయకండి. చింపేయకండి. చదవండి. ఈ వరుసలో చూడండి.

ఒకటి: బండి నంబరు మీదేనా? ఒక్క అంకె తేడా ఉన్నా అది వేరే వాళ్ళ బండి. కెమెరా 3ను 8గా చదివి ఉండవచ్చు.

రెండు: ఫొటో ఉందా? ఫొటోలో ఉన్నది మీ బండేనా? మీది ఆటో అయితే, ఫొటోలో మోటారు సైకిలు ఉందేమో చూడండి.

మూడు: తేదీ, సమయం, స్థలం చూడండి. ఆ రోజు ఆ వేళకు మీ బండి ఎక్కడుంది? గుంటూరు మిర్చి యార్డులో ఉంటే అక్కడి చీటీ దాచండి. మరమ్మతుకు ఇచ్చి ఉంటే మెకానిక్కు ఇచ్చిన బిల్లు దాచండి. అవే మీ సాక్ష్యాలు.

నాలుగు: ఎంత వేగమో రాశారా? అక్కడి హద్దు ఎంతో రాశారా?

అయిదు: ఏ సెక్షను రాశారు? 183 అంటే వేగం. వేరే అంకె ఉంటే అది వేరే తప్పు. అదేమిటో అడిగి తెలుసుకోండి.

కెమెరాలతో వేసే చలానాలకు 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం నియమాలు పెట్టింది. యంత్రానికి సరిగా పనిచేస్తున్నట్టు సర్టిఫికెట్టు ఉండాలి. దాన్ని ఏటేటా కొత్తగా తీసుకోవాలి. ఇక్కడ కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజుల్లోపు కబురు పంపాలి. ఫొటో, కొలత, తేదీ, స్థలం చలానాలో ఉండాలి. ఇవన్నీ మనం అడగదగ్గ సంగతులే.

ఒక హెచ్చరిక. "మీకు చలానా ఉంది, ఈ లింకు నొక్కండి" అని ఫోనుకు దొంగ మెసేజీలు వస్తున్నాయి. నొక్కితే బ్యాంకులో డబ్బు పోతుంది. లింకు నొక్కవద్దు. మీసేవకు వెళ్ళి బండి నంబరు చెప్పి చూపించుకోండి. మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి.

ఒప్పుకోకపోతే ఏం చేయాలి?

తప్పు మనదే అయితే కట్టేయడం మేలు. రసీదు తీసుకొని దాచాలి. కట్టాక కేసు ముగిసిపోతుంది. తరువాత "నేను తప్పు చేయలేదు" అంటే కుదరదు. అందుకే కట్టకముందే ఆలోచించాలి.

తప్పు మనది కాకపోతే మూడు దారులున్నాయి.

మొదటి దారి, చలానా వేసిన ఆఫీసుకు అర్జీ ఇవ్వడం. నంబరు తప్పు, ఫొటో తప్పు లాంటివి ఇక్కడే తేలిపోవచ్చు. పోలీసు చలానా వెబ్‌సైటులోనూ ఫిర్యాదు పెట్టవచ్చు.

రెండో దారి, కోర్టు. జరిమానా కట్టకపోతే కేసు కోర్టుకు వెళుతుంది. "ఒప్పుకుంటారా?" అని కోర్టు అడుగుతుంది. "ఒప్పుకోను" అని చెప్పే హక్కు మీకుంది. అప్పుడు వేగం ఎంతో రుజువు చేయాల్సింది చలానా వేసినవాళ్ళు. మీరు కాదు. కోర్టు నుంచి వచ్చే నోటీసును మాత్రం పక్కన పడేయకూడదు. ఆ తేదీకి తప్పక వెళ్ళాలి.

మూడో దారి, లోక్ అదాలత్. ఇక్కడ ఇద్దరూ రాజీ పడతారు. ఖర్చు ఉండదు. తొందరగా తేలుతుంది. కానీ ఒక సంగతి గుర్తుంచుకోండి. లోక్ అదాలత్‌లో ఒప్పుకుంటే అదే ఆఖరు. దానిమీద అప్పీలు లేదు.

బండిని ఎప్పుడు ఆపి ఉంచవచ్చు?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. చలానా వేరు. బండిని ఆపి ఉంచడం వేరు. ఈ రెండూ ఒకటి కాదు.

బండిని ఆపి ఉంచే అధికారం 207వ సెక్షనులో ఉంది. అది ఏయే తప్పులకో అక్కడే రాసి ఉంది. నడిపేవారికి లైసెన్సు లేకపోతే ఆపవచ్చు. నడిపేవారికి వయసు చాలకపోతే ఆపవచ్చు. బండికి రిజిస్ట్రేషను లేకపోతే ఆపవచ్చు. పర్మిట్టు లేకపోయినా, పర్మిట్టులోని దారి, ప్రాంతం, పని తప్పినా ఆపవచ్చు.

ఈ జాబితా మళ్ళీ చదవండి. ఇందులో వేగం ఉందా? లేదు. వేగానికి శిక్ష జరిమానా. లైసెన్సు మీద చర్య. వేగం అనే ఒక్క కారణంతో ఈ సెక్షను కింద బండిని ఉంచుకోవడానికి లేదు.

మరి ఆ ఇంటి ఆటోను ఎందుకు ఉంచారు? కాగితాలు చూపించలేదు కాబట్టి. లైసెన్సు అసలు లేదేమో అనుకున్నారు. అయితే కాగితాలు అసలు లేకపోవడం వేరు, ఇంట్లో మర్చిపోవడం వేరు. అప్పటికప్పుడు కాగితాలు లేకపోతే, చూపించడానికో నకళ్ళు పంపడానికో 15 రోజుల గడువు నియమాల్లోనే ఉంది. కాగితాలు ఫోనులో ఉన్నా చెల్లుతాయి. దానికి డిజిలాకర్ అనే ఏర్పాటు ఉంది. ఫోనులో పెట్టుకొని ఉంటే ఆ రోజు ఆటో ఇంటికే వచ్చేది.

ఇంకో మాట కూడా 207లో ఉంది. లైసెన్సు, వయసు, పర్మిట్టు తప్పుల్లో బండికి బదులు సీ బుక్కు తీసుకొని వదిలేయవచ్చు. అప్పుడు రసీదు తప్పకుండా ఇవ్వాలి.

ప్రమాదంలో మనిషికి దెబ్బ తగిలితే సంగతి వేరు. అప్పుడు బండి సాక్ష్యం. పోలీసులు పట్టుకుంటారు. కోర్టు ద్వారా విడిపించుకోవాలి.

తాగి నడిపితే? మన పక్క రాష్ట్రం తెలంగాణలో 2021 నవంబరులో హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. తాగినవాడిని నడపనివ్వకూడదు. పక్కన తాగని మనిషి, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే బండి అతనికి ఇవ్వాలి. లేకపోతే దగ్గరి బంధువును పిలవాలి. ఎవరూ రాకపోతేనే బండిని తాత్కాలికంగా స్టేషనులో ఉంచాలి. కాగితాలు చూపితే తిరిగి ఇవ్వాలి. తాగాడన్న ఒక్క కారణంతో బండిని జప్తు చేసే అధికారం లేదని ఆ కోర్టు చెప్పింది. ఇది తెలంగాణ తీర్పు. అయినా మనం తెలుసుకోదగ్గది.

ఇది న్యాయమేనా?

కొంచెం లెక్క వేద్దాం. ఆటోకు రోజుకు 600 రూపాయలు మిగులుతాయి అనుకుందాం. జరిమానా 1000 రూపాయలు. ఆటో 15 రోజులు స్టేషన్లో ఉంటే? 15 ను 600తో హెచ్చవేయండి. 9000 రూపాయలు. జరిమానాకు తొమ్మిది రెట్లు! పైగా సంఘం వాయిదా ఆగదు. ఎండకు సీట్లు పగులుతాయి. వానకు ఇనుము తుప్పు పడుతుంది.

జరిమానా అందరికీ ఒకటే. కానీ బండి ఆగిపోతే ఆ దెబ్బ అందరికీ ఒకటి కాదు. రెండు కార్లున్న ఇంటికి ఒకటి ఆగితే ఇంకోటి ఉంటుంది. ఒక్క ఆటో ఉన్న ఇంటికి అన్నమే ఆగుతుంది. అందుకే ఈ అధికారాన్ని ఆచితూచి వాడాలి.

రెండో వైపు కూడా చూడాలి. లైసెన్సు లేనివాడి చేతిలో బండి వదిలితే? పద్నాలుగేళ్ళ పిల్లాడు పదిమంది కూలీలను ఎక్కించుకొని పోతే? అప్పుడు ఆపమని మనమే అంటాం. పిల్లలకు బండి ఇస్తే 2019 మార్పు ప్రకారం తల్లిదండ్రులకు, బండి యజమానికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి మీ పేరున ఉంటే ఆ యజమాని మీరే. కొడుకు అడిగాడని తాళం ఇవ్వకండి.

కాబట్టి బండిని ఆపడం అన్యాయం కాదు. కారణం చెప్పకుండా ఆపడం, రసీదు ఇవ్వకపోవడం, కారణం తీరిపోయినా ఇవ్వకపోవడం అన్యాయం.

సుప్రీంకోర్టు 2002లో ఈ సంగతే చెప్పింది. అది గుజరాత్ నుంచి వచ్చిన సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసు. పట్టుకున్న బండ్లను ఏళ్ళ తరబడి స్టేషన్లలో ఉంచితే ఎవరికీ లాభం లేదని కోర్టు అంది. తగిన పూచీకత్తు తీసుకొని బండిని ఇప్పించేలా మేజిస్ట్రేటు త్వరగా ఆర్డరు వేయాలని చెప్పింది. వకీలు దగ్గరికి వెళితే ఈ కేసు పేరు చెప్పండి. ఆయనకు తెలిసే ఉంటుంది. మీకూ తెలుసని ఆయనకు తెలుస్తుంది.

ఎవరిని అడగాలి?

2022 ఏప్రిల్లో పల్నాడు జిల్లా ఏర్పడింది. జిల్లా కేంద్రం నరసరావుపేట. రవాణా ఆఫీసుకు, కోర్టుకు మనం అక్కడికే వెళ్ళవచ్చు.

వకీలుకు డబ్బు లేదని భయపడవద్దు. న్యాయ సేవల చట్టం 1987లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఆడవాళ్ళకు వకీలు ఉచితం. ఆదాయం ఎంతని అడగరు. కులం అడ్డం రాదు. ఆటో మీ పేరున ఉంటే అర్జీ మీరే పెట్టవచ్చు. కోర్టు ఆవరణలో న్యాయ సేవల కమిటీ ఉంటుంది. తెల్ల కాగితం మీద రాసి ఇస్తే చాలు. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. ఆ ఫోనుకు డబ్బు పడదు.

కోడలు రాసిన అర్జీ

మర్నాడు పొద్దున కోడలు ముందు ఇంట్లో కాగితాలు వెతికింది. సీ బుక్కు, లైసెన్సు, పర్మిట్టు, ఇన్సూరెన్సు దొరికాయి. నకళ్ళు తీయించింది. తరువాత ఈ అర్జీ రాసింది. మీరూ మీ పలక మీదో కాగితం మీదో రాసి చూడండి. చుక్కలు ఉన్నచోట మీ వివరాలు రాయండి.

రవాణా శాఖ అధికారి గారికి,
అయ్యా,
నా పేరు .......... మాది రొంపిచెర్ల మండలం .......... గ్రామం.
నా ఆటో నంబరు .......... దాన్ని .......... తేదీన .......... దగ్గర ఆపి ఉంచారు. ఆ రోజు కాగితాలు ఇంట్లో ఉండిపోయాయి. సీ బుక్కు, లైసెన్సు, పర్మిట్టు, ఇన్సూరెన్సు నకళ్ళు దీనికి జత చేశాను. అసలు కాగితాలు కూడా తెచ్చాను. వాటిని చూసి నా ఆటోను నాకు ఇప్పించ కోరుతున్నాను.
వేగం చలానాలో కొలిచిన వేగం రాయలేదు. ఆ చలానాను నేను ఒప్పుకోవడం లేదు. దాని గురించి వేరే అర్జీ ఇస్తున్నాను.
ఈ అర్జీ అందినట్టు సంతకం చేసి ఇవ్వ కోరుతున్నాను.
ఇట్లు,
సంతకం .......... తేదీ ..........

అర్జీ రెండు ప్రతులు రాసింది. ఒకటి ఇవ్వడానికి. ఒకటి దాచుకోవడానికి. రెంటి కిందా సంతకం పెట్టింది. వేలిముద్ర వేయలేదు.

"అన్నీ రాసుకున్నావు సరే. వాళ్ళు కసిరితే?" అంది అత్త.

"కసిరితే కసరనీ అత్తా. మనం కసరొద్దు. కాగితం చూపిద్దాం. కారణం అడుగుదాం. ఏ సెక్షనో రాసిమ్మందాం."

అత్త కాసేపు ఆలోచించింది. చెప్పులేసుకుంది. "పద, నేనూ వస్తా" అంది.

మాటలు నేర్చుకుందాం

చలానా: తప్పు ఏమిటో, జరిమానా ఎంతో రాసి ఇచ్చే కాగితం.
రసీదు: డబ్బు, కాగితం లేదా బండి తీసుకున్నట్టు ఇచ్చే చీటీ.
నకలు: అసలు కాగితానికి ప్రతి. మనం జిరాక్సు అంటాం.
పూచీకత్తు: "అడిగినప్పుడు తెచ్చి చూపిస్తాం" అని ఇచ్చే హామీ.
రాజీ: ఇద్దరూ ఒక మాటకు వచ్చి తగువు ముగించుకోవడం.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో బండి ఎవరి పేరున ఉంది? సీ బుక్కు తీసి పేరు చదవండి.
2. ఇన్సూరెన్సు గడువు తేదీ ఎప్పుడు? ఇంట్లో క్యాలెండరు మీద గుర్తు పెట్టండి.
3. మీరు అమ్మేసిన బండి ఇంకా మీ పేరునే ఉందా? ఉంటే దాని చలానాలు ఎవరికి వస్తాయి?
4. మీరు పనికి వెళ్ళే ఆటో స్పీడుగా పోతే, నిదానంగా పొమ్మని ఎప్పుడైనా చెప్పారా?
5. బండిని ఆపి ఉంచడం ఎప్పుడు న్యాయం? ఎప్పుడు కాదు? మీ సంఘంలో మాట్లాడుకోండి.